మిగిలిన అన్నం

పాతపట్నంలో మాది నాలుగు బల్లల భోజనం హోటలు. అమ్మ పెట్టింది. రోజూ ఎసట్లో లెక్క ప్రకారం బియ్యం పోసి, ఆపైన ఒక తవ్వెడు ఎక్కువ పోసేది. ఎందుకని అడిగితే "ఉండనీరా" అనేది, అంతే.

ఆ తవ్వెడు ఒకే మనిషికి. శ్రీముఖలింగం గుళ్లో ఒకప్పుడు సన్నాయి వాయించిన ముసలాయన, పళ్లు ఊడిపోయాక వాయించడం మానేసి, మా వీధి చివర గదిలో ఒక్కడే ఉండేవాడు. మధ్యాహ్నం మూడింటికి, జనం పల్చబడ్డాక వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"ఏటమ్మా, మిగిలిపోనాదా?"

అమ్మ గిన్నె వంచి చూపించేది. "మిగిలిపోనాది అన్నా. పారబొయ్యడానికి సేతులు రాటం లేదు. నువ్వు తినేసి ఎల్లు."

అప్పుడు కూర్చునేవాడు. ఊరికే పెడతానంటే తినే మనిషి కాదు. పారబోసే అన్నాన్ని కాపాడుతున్నాననుకుని తినేవాడు. అది నాటకమని ఇద్దరికీ తెలుసు. అమ్మ పోయాక ఆ నాటకం నేనూ నడిపాను, అమ్మంత ఓపిక నాకు లేకపోయినా.

తర్వాత మా బావమరిది నా ఫోన్లో ఏఐ యాప్ ఒకటి పెట్టాడు. సంతలు, ముహూర్తాలు, వాన అన్నీ చూసుకుని రేపు ఎంత వండాలో అదే చెబుతుందట. "నా ఎసరు సంగతి దీనికేటి తెలుసు?" అని వెటకారం చేశాను. అది చెప్పిన లెక్కకు సరిగ్గా జనం వచ్చారు; వారం తిరక్కుండా నా నోరు మూయించింది. మొదట నేను రోజూ వండే లెక్కే, ఆ తవ్వెడుతో కలిపి, దానికి చెప్పాను. అది రోజూ ఒక ప్రశ్న అడిగేది: మిగిలిన అన్నం ఏం చేశారు? కింద రెండే జవాబులు, అమ్మేశాం, పారేశాం. అమ్మలేదు కదా. ముసలాయన అక్కడే చెయ్యి కడుక్కుంటుండగా "పారేశాం" నొక్కేవాణ్ణి.

అది నమ్మింది. కొంచెం కొంచెంగా బియ్యం తగ్గించింది. నేనూ అది చెప్పినంతే వండాను. మా హోటల్లో ఒక్క మెతుకు కూడా పారబొయ్యం అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. సిగ్గులేకపోతే సరి.

ఒకరోజు మూడింటికి ఆయన వచ్చేసరికి గిన్నె ఖాళీ. అడుగు కూడా గీకేశాం.

"కూసో మావా, పది నిమిషాల్లో వొండేస్తాను."

అమ్మైతే చచ్చినా ఆ మాట అనేది కాదు.

"నాకోసం వొండతావేటి బాబూ?" అన్నాడు. "వొద్దులే. మిగల్లేదంటే మంచిదే కదా." నెమ్మదిగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. మర్నాడు తవ్వెడు ఎక్కువ పోసి ఆయన గదికి వెళ్లాను. "మిగిలిపోనాది మావా, రా" అన్నాను. నా మొహం చూసి నవ్వాడు.

"మీ యమ్మకి అబద్దం బాగా వొచ్చును. నీకు రాదు."

ఇంకో రెండుసార్లు వెళ్లి బతిమాలాను. కోప్పడ్డాను కూడా. కదల్లేదు. ఆ అన్నం రాత్రికి మేమే తిన్నాం. రెండుపూటలా టీలో బన్ను ముంచుకుని తింటున్నాడని పక్కింటావిడ చెప్పింది. వానలు పడేలోగా పోయాడు. వయసైపోయింది అన్నారందరూ. నాకు మాత్రం అలా అనిపించదు. తప్పు ఫోను మీదికి నెట్టేద్దామనీ చూశాను. దానికి రోజూ అబద్ధం చెప్పింది నేనే కదా.

ఆయన పదో రోజున బియ్యం కొలిచి, ఆపైన తవ్వెడు పోశాను. మూడు దాటింది, నాలుగు దాటింది. దీపాలు పెట్టే వేళ దాకా ఆ గిన్నె దగ్గరే కూర్చున్నాను. గుమ్మంలోకి ఎవరూ రాలేదు. లేచి అన్నం పెరట్లో పారబోశాను.

ఫోను ఎప్పటిలాగే అడిగింది. "పారేశాం" నొక్కాను. దానికి నేను నిజం చెప్పింది ఆ ఒక్క రోజే.