అమ్ముడుపోని కారుకు మార్కులు

చైనాలోని చోంగ్‌చింగ్‌లో ఓ కొత్త కార్ల కంపెనీ షోరూములో రాన్ షిఫెన్ మూడేళ్లుగా కార్లు కడుగుతోంది. నెలాఖరు వస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఎవరూ కొనని కార్లకు సిబ్బంది పేర్ల మీద నంబరు ప్లేట్లు బిగించి, అమ్ముడైనట్టు చూపిస్తారు. ఈసారి ఆమె పేరు మీదా ఒకటి రాశారు.

"ఈ నెల అమ్మకాల్లో ఊళ్లో మన కారే ఫస్టు, రాన్ అక్కా! కాస్త నవ్వవే!" అన్నాడు మేనేజరు పాంగ్.

"కడిగినప్పుడల్లా డిక్కీలోకి నీళ్లొస్తున్నాయని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. అది బాగుచేయించడానికి తీరిక లేదు గానీ, దొంగ ప్లేట్లు బిగించడానికి ఉందా?"

పాంగ్ ఇంకో ప్లేటు అందుకున్నాడు.

మర్నాడు ఆమె ఫోను మోగింది. కొత్తగా కారు కొన్నవాళ్లను మార్కులు అడిగే అమ్మాయి, హెడ్డాఫీసు నుంచి.

"మేడమ్, మీ కారుకు పదికి ఎన్నిస్తారు?"

ఎదురుగా పాంగ్ పది వేళ్లూ చాపి చూపిస్తున్నాడు. రాన్ ఆ వేళ్లకేసి చూస్తూనే జవాబిచ్చింది.

"సున్నా వేసుకోమ్మా. డిక్కీ కారుతోంది. ఇంకో మాట కూడా రాసుకో. ఆ కారు నేను కొనలేదు. నాకసలు కారు నడపడమే రాదు."