మారడగని పిల్ల

ముందే చెప్పేస్తున్నాను, ఆ పిల్ల ఆస్పత్రి పాలు కాలేదు. మీరు గుండె చిక్కబట్టుకుని చదవనక్కర్లేదు. ఆ పని అప్పట్లో నేనే చాలా చేశాను.

నేను సైకాలజిస్టుని. తిండికి దూరమైనవాళ్లతో కలిసి కూర్చుని తినడం కూడా మా వైద్యంలో భాగమే. అందుకే పద్మారావు నగర్‌లో మందుల దుకాణం పైనున్న నా గదిలో కంచాలు, గ్లాసులు ఉంటాయి. కొత్తవాళ్లు మెస్సుకి వచ్చామా అని తికమకపడతారు.

అల్వాల్ నుంచి ఒక తల్లి డిగ్రీ చదివే కూతుర్ని తీసుకొచ్చింది. పిల్ల పుల్లలా ఉంది. బరువు ఇంకా తగ్గితే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పాడట.

“ఫోన్ల సన్నటి పిల్లల్ని జూసి ఇది సుత గిట్ల షురూ జేసిందని మావోళ్లంతా అంటున్నరు మేడం,” అంది తల్లి.

ఆ బంధువులందరినీ వరసగా నిలబెట్టి చీవాట్లు పెట్టాలనిపించింది. ఏ పిల్ల తిండి మానేసినా మనవాళ్లకు దొరికే దోషి ఆ ఫోనొక్కటే.

వారం వారం మధ్యాహ్నం ముగ్గురం కలిసి తినేవాళ్లం. తల్లి క్యారేజీ తెచ్చేది. తిండి గురించి తప్ప అన్నీ మాట్లాడుకునేవాళ్లం. పిల్ల పెట్టింది తినేది, మారు మాత్రం అడిగేది కాదు. వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేది. ఆ మొదట పెట్టించుకునేది కూడా తగ్గుతూ వచ్చింది. నాకు దిగులు పట్టుకుంది.

ఒకరోజు పచ్చిపులుసు గిన్నె కిటికీ దగ్గర ఉండిపోయింది. తేవడానికి తల్లి లేవబోయింది. పిల్ల ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, “లేవకు మమ్మీ!” అని అరిచింది.

అడగ్గా అడగ్గా చెప్పింది. కిందటేడు ఒక ఆదివారం, భోజనాల దగ్గరే వాళ్ల నాన్న గుండె ఆగి పడిపోయాడు.

“ఇంకింత పచ్చిపులుసు కావాల్నని నేనే అడిగిన మేడం. తెస్తనని లేసిండు. అడగకుంటే డాడీ కూసునే ఉంటుండె.”

తల్లి తన కంచం పక్కకు జరిపింది. తర్వాత, “పొద్దుగాల్ల నుంచే ఛాతిల నొస్తుందన్నడు బిడ్డా,” అంది. “గ్యాసనుకొని నేనే దవాఖానకు తోల్కపోలే. నువ్వు అడగకున్నా గట్లనే అయితుండె.”

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను ఆపలేదు. అన్ని వారాల తర్వాత ఆ రోజే నా ప్రాణం కాస్త కుదుటపడింది.

అయితే విన్నంత మాత్రాన భయం పోదు. ఆ తర్వాత గిన్నెల్ని కావాలనే దూరంగా పెట్టడం మొదలుపెట్టాం. ముందు నేను లేచి తెచ్చేదాన్ని. నేను నిక్షేపంలా తిరిగొచ్చి కూర్చుంటున్నా, తల్లి లేస్తే మాత్రం పిల్ల చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. ఇలా ఎన్నాళ్లని లోలోపల విసుక్కునేదాన్ని కూడా.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం పిల్ల కంచం ఖాళీ అయింది. తలెత్తకుండానే, “మమ్మీ, ఇంకింత పచ్చిపులుసు పొయ్యవా?” అంది.

తల్లి నా వైపు చూసింది. వెళ్లమన్నట్టు తలూపాను. హమ్మయ్య అని పైకే అనేశాను కూడా, కానీ నన్ను పట్టించుకునేవాళ్లు ఎవరూ లేరు. ఆవిడ కిటికీ దాకా వెళ్లి, గిన్నె తెచ్చి, అన్నం పెట్టి, పులుసు పోసింది. పిల్ల అంతసేపూ కన్నార్పకుండా ఆవిడనే చూసింది. అమ్మ మళ్లీ కుర్చీలో కూర్చున్నాకే అన్నంలో చెయ్యి పెట్టింది.