దూదిచెయ్యి బరువెక్కిన ఏడాది

ఆ వీధిలో అందరూ అతన్ని దూదిచెయ్యి అనేవారు. అతను కత్తెర పట్టుకుంటే కుర్చీలో కూర్చున్న పెద్దమనుషులు గుర్రు పెట్టేవారు. ఏడుపు లంకించుకున్న పిల్లలు కూడా అతని చెయ్యి తలమీద పడగానే ఊరుకునేవారు. రెండు కుర్చీల ఆ క్షౌరశాలే అతని లోకం.

ఒక ఉదయం చొక్కా తొడుక్కుంటుంటే కుడి భుజం కలుక్కుమంది. ఒత్తిగిలి పడుకున్నానేమో అనుకున్నాడు. కాపడం పెట్టుకున్నాడు, మందుల షాపులో అడిగి బిళ్లలు మింగాడు. నొప్పి తగ్గలేదు సరికదా, చెయ్యి చెవిదాకా లేవడం మానేసింది. పొడుగువాళ్లొస్తే, "కాస్త కిందికి జారండి సారూ, మీ తల ఆకాశంలో ఉంది" అని నవ్వించేవాడు.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు మొదటినుంచీ అతని దగ్గరే గడ్డం గీయించుకునేవారు. ఆయన చెవికింద కత్తి ఆడిస్తుండగా భుజంలో పోటు పొడిచింది. చెయ్యి జారింది. తెల్లగుడ్డ మీద రక్తం చుక్కలు పడ్డాయి.

"పర్లేదయ్యా, చిన్నదే" అన్నారు మాస్టారు, పటిక అద్దించుకుంటూ. తర్వాత కొద్దిరోజులకే ఆయన తలొంచుకుని ఎదురుగా ఉన్న మరో క్షౌరశాలలోకి వెళ్లడం అతను అద్దంలో చూశాడు.

ఇంట్లో చెప్పలేదు. కానీ గుండీలు పెట్టేది భార్యే, ఆమెకు తెలియనిదేముంది? చెయ్యి పట్టుకుని వీధి చివరి ఆసుపత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ అతని చేతిని మెల్లగా పైకెత్తింది. సగంలోనే ఆగిపోయింది.

"మీరెత్తినా లేవట్లేదు, నేనెత్తినా లేవట్లేదు. కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుపోయింది. రాత్రిళ్లు దాహంతో లేస్తున్నారా?"

"లేస్తున్నా. దానికీ దీనికీ ఏంటమ్మా సంబంధం? ముందు స్కానింగ్ రాయండి."

ఆమె స్కానింగ్ రాయలేదు, రక్తపరీక్ష రాసింది. షుగర్ బాగా ఎక్కువగా తేలింది. షుగర్ ఉన్నవాళ్లకు ఇలా భుజం పట్టేయడం మామూలేనని, నయం కావడానికి ఏడాది, అంతకు మించీ పట్టొచ్చని చెప్పింది. షుగర్ బిళ్లలు రాసిచ్చి, రోజూ గోడమీద వేళ్లు పాకిస్తూ చెయ్యి లేపమంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అనిపించింది అతనికి. గోడ దగ్గర ఒకసారి ప్రయత్నించాడు, ప్రాణం పోయినంత పనైంది. ఉన్న కీలు కూడా విరుగుతుందని భయపడి మానేశాడు. షుగర్ బిళ్లలూ మానేశాడు. షాపుకి తాళం పడింది.

ఊరందరి తలలూ దువ్విన మనిషి తన తల దువ్వుకోలేకపోయాడు. ఒకరోజు భార్య అతన్ని పీటమీద కూర్చోబెట్టి, మాసిన గడ్డాన్ని కత్తెరతో కత్తిరించబోయింది.

"వద్దు, వదిలెయ్. నా చెయ్యి చచ్చిపోయిందనుకో."

"మీ చెయ్యి చావలేదు, మొండికేసింది. మీరూ దానితోపాటు మొండికేస్తే నేనెవరితో వేగాలి?" అంటూ కత్తెర కిందపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు అతనే ఆసుపత్రికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. డాక్టరమ్మ కసరలేదు.

"నొప్పి పుట్టినంత మాత్రాన కీలు చెడిపోతున్నట్టు కాదండీ. ఓర్చుకోగలిగినంత వరకే చెయ్యండి, రోజూ చెయ్యండి."

షుగర్ కాస్త దిగాక కీలులోకి సూది వేసింది. పోటు సగం తగ్గింది. వేళ్లు గోడమీద నత్తల్లా పాకాయి. చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి చెయ్యి కణతదాకా లేచింది, అంతకుమించి లేవలేదు. షాపు తెరిచాడు, కుర్చీలు కిందికి దించాడు. కత్తెరే ఆడించేవాడు, గడ్డం గీయమంటే, "అది మానేశాను బాబూ" అనేవాడు. పాతవాళ్లలో సగంమందే తిరిగొచ్చారు. మాస్టారు రాలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున, తువ్వాలు దులుపుతుంటే ఎడమ భుజం కలుక్కుమంది. ఈసారి కాపడం జోలికి పోలేదు. తడిగొడుగుతో నేరుగా ఆసుపత్రికి వెళ్లాడు.

డాక్టరమ్మ ఎడమ చెయ్యి ఎత్తి చూసింది. అదీ పూర్తిగా పైకి లేవలేదు.

"ఇదీనా అమ్మా?"

"మొదలైనట్టే ఉందండీ. త్వరగా వచ్చి మంచిపని చేశారు."

అతను తలూపాడు. కానీ బయటికొచ్చి గొడుగు విప్పడం మరిచిపోయి, వానలోనే షాపుదాకా నడిచాడు.