జలాంతర్గామిలో స్వాతి కార్డు

మాదాపూర్ నుంచి టూరుకొచ్చిన మా ఆఫీసు టీమంతా ఈ రోజు విశాఖ బీచ్‌లో మ్యూజియంగా మార్చిన పాత యుద్ధ జలాంతర్గామిని చూశాం. ఎన్నడూ లేనిది, ఈసారి ఉద్యోగాల్లో పెట్టే, తీసేసే హెచ్‌ఆర్ మేడం కూడా వచ్చారు.

లోపల ఒక గదికీ ఇంకో గదికీ మధ్య గుండ్రటి ఇనుప తలుపు ఉంది. దాని ముందు మా టీమ్‌లోని చందానగర్ స్వాతి అలవాటు కొద్దీ, ఆఫీసు తలుపులు తెరవడానికి చూపించే మెడలోని కార్డు పైకెత్తింది. అందరం పగలబడి నవ్వాం.

ఏదైనా గదిలోకి నీళ్లొస్తే ఆ తలుపు బిగించేస్తారని గైడు చెప్పాడు.

"లోపల మనోళ్లుంటే?" అంది స్వాతి.

"ఉన్నా మూసెయ్యాల్సిందేనండి. లేకపోతే అందరం మునుగుతాం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేడం మాత్రం ఆ తలుపును చేత్తో నిమిరి, "కరెక్టే" అన్నారు. బయటికొచ్చాక స్వాతి భుజం తట్టి, "రేపు ఆ కార్డు మర్చిపోకుండా తీసుకురామ్మా" అన్నారు.

ఇప్పుడు తిరుగు రైల్లో ఉన్నాం. "నేను రోజూ తెస్తనే కదా, మేడం గట్లెందుకన్నది?" అని స్వాతి అడుగుతూనే ఉంది. నేను నా కార్డు తీసి బ్యాగు అడుగున దాచుకున్నాను.

మీ ఆఫీసు టూరుకు హెచ్‌ఆర్ వాళ్లు ఎప్పుడైనా వచ్చారా? వస్తే, మర్నాడు ఏమైందో కాస్త చెప్పండి. తెల్లారితే మాకు ఆఫీసుంది.