పిన్ని టీకా తాత్పర్యాలు

మా పిన్ని మిషను ముందు కూర్చుందంటే కాలు మిషను మీద, చెవి పాట మీద ఉంటాయి. పల్లవి పూర్తి కాకముందే అందులోని జంట జాతకం చెప్పేస్తుంది.

"చుక్కలు కోసుకొస్తానంటున్నాడా? వీడితో కష్టమే. ముందు ఓ బిందెడు మంచినీళ్లు మోసుకురమ్మను."

కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు చేతులు చాచి నిలబడే తీర్పు వింటారు. సాహిత్యంలో ఎం.ఏ. చేశానన్న పాపానికి, ఓ మూల కాజాలు కుట్టుకుంటున్న నన్ను కూడా సాక్ష్యానికి పిలుస్తుంది.

"అది అతిశయోక్తి పిన్నీ," అంటాను నెమ్మదిగా.

"అబద్ధానికి మీ కాలేజీలో అంత పెద్ద పేరుందా?"

బాబాయి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆలుమగలకు చెడిందంటే ఇంట్లో మాటలుండవు, పాటలుంటాయి. ఆయన భోజనానికి కూర్చుని ఫోన్‌లో ఓ పాట పెడతాడు. పిన్ని వంటింట్లోంచి విని, అర్థం తీసి, జవాబు నాతో పంపుతుంది. వాళ్ల కాపురంలో సగం రాజీలు అలా కుదిరినవే.

మొన్నటి గొడవ మాత్రం అంత తేలికైంది కాదు. కంపెనీ బాబాయిని సూపర్‌వైజరుగా వేరే ఊరు వెళ్లమంది. సోమవారంలోగా ఔనో కాదో చెప్పాలి. ఔనన్నాడంటే, రెక్కలు ముక్కలు చేసుకుని పిన్ని నిలబెట్టిన కొట్టు మూతపడ్డట్టే.

"మిషను ఎక్కడైనా తిరుగుతుంది," అన్నాడు బాబాయి.

"మిషను తిరుగుతుంది. నా దగ్గర కుట్టించుకునేవాళ్లంతా అక్కడికొస్తారా?" అంది పిన్ని.

అంతే, మాటలు బంద్.

శనివారం భోజనాల దగ్గర ఫోన్ పాడింది. 'పయనమంటే పాదాలు కదలవే, నీ గడపకే వాటిని అప్పగించానే.' పిన్ని గరిటె పట్టుకుని వంటింటి తలుపు దాకా వచ్చి, పాట అయ్యేదాకా అక్కడే నిలబడింది. బాబాయి తలెత్తలేదు.

"విన్నావా? వెళ్లడట," అంది నా చెవిలో.

"పిన్నీ, అది ఎవరో నాయికని ఉద్దేశించి..."

"నాయికని నేనే. గడప మనదే. ఇంకేం కావాలే నీకు?"

సాయంత్రానికల్లా వార్త వీధి చివరిదాకా పాకింది. వద్దని చెప్పేద్దామనుకున్న స్కూలు యూనిఫారాల పని పిన్ని సంతోషంగా ఒప్పేసుకుంది. నీలం బట్ట తాన్లు వచ్చి ముందుగదిలో అడ్డుగోడలా కూర్చున్నాయి.

ఆదివారం క్షవరానికి వెళ్లిన బాబాయి కందగడ్డ మొహంతో తిరిగొచ్చాడు. క్షవరం చేసినాయన, మందులషాపతను, మూడో ఇంటి టీచరమ్మ, అందరూ ఆపి మరీ మెచ్చుకున్నారట, భార్య కోసం ప్రమోషన్ వదులుకున్నందుకు! ఆ కోపంలో తాన్లకి కాలు తగిలి తూలాడు. మౌనవ్రతం భగ్నమైంది.

"వెళ్లనని నేనెప్పుడు చెప్పాను?"

"నిన్న, భోజనం దగ్గర. పాటలో."

"ఆ పాట నేను పెట్టలేదే! ఒకటి అవగానే ఇంకోటి, ఫోనే దానంతటది పాడుకుంటూ పోతుంది!"

నా సూది ఆగిపోయింది. పిన్ని పరువు, కొట్టు, తాన్లు అన్నీ కలిసి నీళ్లపాలైనట్టే. పిన్ని మాత్రం తాపీగా దారం కొరికి లేచింది.

"మీ ఫోన్ సంగతి నాకు తెలీదా? అంతకుముందు వచ్చినవన్నీ ఎడంచేత్తో తోసేశారుగా. దీన్నెందుకు తొయ్యలేదు?"

"తింటున్నాను."

"అవి తోసేటప్పుడూ తింటూనే ఉన్నారు."

"చెయ్యి ఖాళీ లేదు."

"నిజమే. బల్ల మీద తాళం వేస్తోంది. చూశాన్లెండి."

బాబాయి ఇక నువ్వే దిక్కన్నట్టు నావైపు తిరిగాడు. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పమ్మా. అర్థం ఇలాగేనా తీసేది?"

నేను కాజా వంక చూస్తూ, "తాళం వేశారు బాబాయ్. నేనూ చూశాను," అన్నాను.

ఆయన తాన్ల మీదే కూలబడ్డాడు. అక్కణ్ణుంచే గొణిగాడు: "నాకు మాత్రం వెళ్లాలని మనసుందనుకున్నావా? వద్దంటే చేతకానివాడంటారని..."

"అన్నవాణ్ణి నా దగ్గరికి పంపండి, కత్తెర ఇక్కడే ఉంది."

బాబాయి సోమవారం దాకా ఆగలేదు. అక్కడే కూర్చుని ఆఫీసరుకి ఫోన్ చేశాడు. "రాలేనండీ... ఆఁ? కారణమా?"

పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"పాట నచ్చిందండీ," అన్నాడు.