ఒక్క నాయకుడికైనా కోపం రావాలి

పరువు పోగొట్టుకునేవాళ్లు సాధారణంగా ఒక ఊరితో సరిపెట్టుకుంటారు. నేను మూడు ఊళ్లకు పంచాను. నా తెలివితక్కువతనం ప్రొద్దుటూరులో మొదలై, పులివెందులలో ముదిరి, జమ్మలమడుగులో రాతికెక్కింది. రాతికెక్కడం అంటే నిజంగానే రాయి, అనుమానముంటే వెళ్లి చూసుకోండి. మీరు నవ్వితే నేనేమీ అనుకోను. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. ఆదివారాలు మాత్రం నాయకుల గుండెల్లో నిద్రపోయేవాణ్ణి. కనీసం అలా అనుకునేవాణ్ణి. మా లోకల్ కేబులు చానల్లో ప్రతి ఆదివారం పొద్దున పదింటికి 'ఎర్రకారం' అని అరగంట రాజకీయ వెటకారం వచ్చేది. రాసేది నేను, ఆడేది గంగరాజు, భరించేది చానలు యజమాని మస్తాన్ భాయ్. గంగరాజు పల్లె నాటకాల్లో ఆరితేరినవాడు. కండువా ఇటు వేస్తే మంత్రి, అటు వేస్తే ప్రతిపక్షం, తీసేస్తే ఓటరు.

మొదటి ఏడాది మా కారం నషాళానికి అంటింది. కార్యక్రమం అయిన గంటకల్లా ఎవరో ఒకరి మనుషులు వచ్చి కేబులు వైరు కోసేసేవాళ్లు. మస్తాన్ భాయ్ నిచ్చెన వేసుకుని స్తంభమెక్కి, అక్కడి నుంచే నాకు కేకేసేవాడు.

"పంతులూ! ఈసారి రెండు చోట్ల కోసినారు! శానా బాగా రాసినావు!"

అంతకంటే పెద్ద బిరుదు ఏ ప్రభుత్వమైనా ఇవ్వగలదా చెప్పండి?

తర్వాత నాకు పెళ్లయింది. పెళ్లితో పాటు ప్రాణం మీద తీపి కూడా కాపురానికొచ్చింది. నాయకుల పేర్లు తీసేసి 'ఒకానొక ఊళ్లో ఒకానొక నాయకుడు' అని రాయడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు నాయకుణ్ణి కూడా తీసేసి రోడ్ల గుంతల మీద పడ్డాను, అదీ వీధి పేరు చెప్పకుండా. చివరికి దోమల మీద రాసినా 'కొన్ని దోమలు' అనేవాణ్ణి, మిగతా దోమలు నొచ్చుకోకుండా. ఏడాదిగా ఒక్క వైరూ తెగలేదు. జనంలో సంస్కారం పెరిగిందనుకుని మురిసిపోయాను.

ఆ మురిపెం మీద నీళ్లు చల్లింది మా మామ. పులివెందులలో తాలూకాఫీసు గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. కూతుర్ని చూడ్డానికి వచ్చి, ఆ ఆదివారం మా ఇంట్లోనే ఉగ్గాని, బజ్జీ తింటూ 'ఎర్రకారం' చూశాడు. గంగరాజు, మస్తాన్ భాయ్ కూడా పక్కనే కూర్చుని తింటున్నారు. సగం కార్యక్రమం అయ్యేసరికి మామ గురక మొదలైంది.

"మామా! మామా! అయిపోతాంది, చూడండి" అని తట్టి లేపాను.

"అయిపోయి శానా దినాలాయ కదప్పా" అన్నాడాయన కళ్లు నలుపుకుంటూ. "ముందు నీ కార్యక్రమం చూస్తే ఎవుడో ఒగడు తలుపు తన్నేటోడు. ఇప్పుడు నాకు ఆవులింతలు వస్తాండాయి. పదును పోయింది అల్లుడా. ఈ బజ్జీలో ఉండే కారం కూడా ల్యా నీ ఎర్రకారంలో."

గంగరాజు బజ్జీ నములుతూ తలూపాడు. నమ్మినవాడే తలూపితే ఎవరికి చెప్పుకోను? మస్తాన్ భాయ్ వైపు చూశాను.

"నిజమే పంతులూ" అన్నాడు భాయ్. "నేను స్తంభమెక్కి ఏడాదాయ. నిచ్చెనకు చెదలు పట్టింది."

వంటింట్లోంచి మా ఆవిడ కిసుక్కుమంది. అక్కడితో నా ఒళ్లు మండింది. లేచి నిలబడి, చేతిలో ఉగ్గాని ప్లేటుతోనే శపథం చేశాను.

"వచ్చే ఆదివారం ఒక్క నాయకునికన్నా కోపం రాకపోతే నేను కలం పట్టను. ఇదే నా మాట!"

"ఎవురో ఒగానొగ నాయకునికా?" అన్నాడు మామ.

"పేరు పెట్టే రాస్తా!"

ఆడలేనివాడు మద్దెల ఓడు అంటాడు. నాలాంటివాడు మద్దెల పగిలేదాకా వాయిస్తానని పందెం కాస్తాడు.

ఎవరి మీద రాయాలి? జమ్మలమడుగు వైపు ఓబులన్న అని ఒక నాయకుడుండేవాడు. ఏ పదవిలో ఉన్నాడో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు గానీ కొబ్బరికాయ కొట్టే ప్రతిచోటా ఆయనే ఉంటాడు. ఏ పార్టీ అని అడక్కండి, వారాన్ని బట్టి ఉంటుంది. శంకుస్థాపనలంటే ఆయనకు పిచ్చి. మా జిల్లాలో నల్లబండలకు కరువా? ఒక బండ మీద తన పేరు చెక్కించి పాతేవాడు, కట్టడం మాట మరిచిపోయి ఇంకో బండకు కొలతలిచ్చేవాడు.

నేను రాసిందేమిటంటే, ఆ శంకుస్థాపన రాళ్లన్నీ కలిసి సంఘం పెట్టుకుంటాయి. గంగరాజు నల్లదుప్పటి కప్పుకుని పదకొండు రాళ్లూ తానే అయి ఆడాడు.

"అన్నల్లారా, అక్కల్లారా! నేను పుట్టి ఏడేండ్లాయ. నా మీద నీళ్లట్యాంకు కడతామన్న్యాడు మా తండ్రి ఓబులన్న. ఇంతవరకూ నా మీద కాకి తప్ప ఏమీ వాలల్యా!"

"నీకు కాకన్నా వాలింది. నాకు రోజూ బర్రె వచ్చి వీపు రుద్దుకుంటాంది. మా తండ్రి ఓబులన్న ఒగసారన్నా వచ్చి చూసినాడా?"

చివరికి రాళ్లన్నీ తీర్మానం చేస్తాయి: కట్టడాలు కట్టకపోతే పోయె, మాకు తలా మూడు సెంట్ల జాగా ఇస్తే మేమే గుడిసెలు వేసుకుంటాం.

బాగుందా? బాగుందనే నా గుండె ఝల్లుమంది. ఆదివారం పొద్దున ఏడింటి బస్సుకే మా ఆవిడను లేపి పులివెందులకు బయల్దేరదీశాను.

"ఇంత తొందరేంది?" అంది.

"మీ అమ్మను చూసి శానా రోజులాయ కదా."

"పెండ్లయినప్పటి నుంచి మీరు ఈ మాట అనడం ఇదే మొదలు" అని అనుమానంగా చూసింది గానీ, పుట్టిల్లు కదా, సంచి సర్దేసింది.

పదింటికి మామ పక్కన కూర్చుని సెల్లులో కార్యక్రమం చూశాను. ఆయన తొడ చరిచి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. "ఇదీ కారమంటే! కోపం రాకుండా యాడికి పోతుంది!" అన్నాడు. నేను వెంటనే భాయ్‌కి ఫోన్ చేశాను.

"భాయ్, వైరు తెగిందా?"

"ల్యా పంతులూ."

"రాళ్లేమైనా పడినాయా?"

"ఒగ గులకరాయి కూడా పడల్యా."

సోమవారం కూడా అంతే. బతికిపోయానన్న సంతోషం ఒకపక్క, పందెం పోయిందన్న ఏడుపు ఒకపక్క. మంగళవారం పొద్దున భాయే ఫోన్ చేశాడు. గొంతు సన్నగా ఉంది.

"పంతులూ, రాత్రి ఓబులన్న వచ్చినాడు. నువ్వు యాడుండావని అడిగినాడు. నేను చెప్పల్యా."

"నా తండ్రే! అల్లా నిన్ను చల్లగా చూడాల."

"రెండోసారి అడిగినాడు. చెప్పేసినా."

ఫోన్ పెట్టేలోపే వీధిలో రెండు తెల్లబండ్లు ఆగిన చప్పుడు. నేను అటకెక్కాను. ఎలా ఎక్కానో తెలీదు, నిచ్చెన మాత్రం పెరటి గోడకే ఆనించి ఉందని తర్వాత మా ఆవిడ చెప్పింది. అటక నిండా ఎండుమిరపకాయల మూటలు. రెండు మూటల మధ్య దూరి ఊపిరి బిగపట్టాను. కారం రాసేవాడి బతుకు కారంలోనే తెల్లారుతుందని ఏ పెద్దలూ ఎందుకు చెప్పలేదో!

కింద ఓబులన్న గొంతు ఖంగుమంది. "ఎర్రకారం రాసే సామి యాడ?"

మా మామ ఏమన్నాడో ఊహించండి. పిల్లనిచ్చిన మామ. కూతురి పసుపుకుంకుమలు కోరవలసిన మామ.

"నీకు కోపం వచ్చిందా నాయనా?" అని ఆశగా అడిగి, జవాబు కూడా వినకుండా పైకి కేకేశాడు. "అల్లుడా! దిగిరా! నీ పందెం గెలిచినట్లే ఉండావు!"

దిగాను. కళ్లు ఎర్రగా మండుతున్నాయి, ముక్కు కారుతోంది, ఒళ్లంతా మిరప గింజలు. ఓబులన్న నన్ను చూసి కంగారుపడ్డాడు.

"ఏడస్తాండావేంది సామీ! ఏడవద్దు, ఏడవద్దు" అంటూ వెనకున్నవాడి చేతిలోంచి ఏదో లాక్కున్నాడు. కత్తేమో అని కళ్లు మూసుకున్నాను. భుజాల మీద మెత్తగా పడింది. శాలువా.

"ఏం రాసినావు సామీ! మావోళ్లు సెల్లులో ఇరవైసార్లు చూసినారు. అరగంటలో నా పేరు ముప్పైసార్లు పలికించినావు. దుడ్లిచ్చినా పలికించరు కదా ఎవురూ!"

"కోపం... రాలేదా అన్నా?"

"కోపమా? యాల?" అని, మొహం గంభీరంగా పెట్టాడు. "కాకపోతే ఒగ మాట శానా బాధైంది."

హమ్మయ్య! మామ, నేను ఇద్దరం ముందుకు వంగాం.

"పదకొండు రాళ్లన్న్యావే. పద్నాలుగు సామీ! మూడు యాడికి పోయినాయి? మా ఎదుటోడు 'ఓబులుగానివి పదకొండేనంట' అని నవ్వుతాండాడు. పదిమందిలో నేను తలెత్తుకోవద్దా?"

అప్పుడు నేనేమనాలి? రోషమున్న రచయితైతే శాలువా తీసి మడిచి చేతిలో పెట్టేవాడు. నేనేమన్నానో చెప్పడానికి ఇన్నేళ్ల తర్వాత కూడా సిగ్గేస్తోంది.

"తప్పయిందన్నా. వచ్చేవారం దిద్దుతాను."

మా మామ కుర్చీలో కూలబడ్డాడు. ఓబులన్న పొంగిపోయి, జమ్మలమడుగులో హాస్యకళాభవనం కట్టిస్తానని అక్కడికక్కడే ప్రకటించేశాడు. పదిహేనో రాయి. దాని మీద నా పేరు.

"అయ్యో, నాకెందుకన్నా ఇవన్నీ" అంది నోరు. మనసు అప్పటికే అక్షరాల సైజు ఆలోచిస్తోంది.

శుక్రవారానికి ముహూర్తం. నేను బడికి సెలవు పెట్టి బండలు చెక్కేచోటికి మూడుసార్లు వెళ్లాను. నా పేరు అయిదో వరసలో ఉంది, మార్కెట్ యార్డు మాజీ మెంబరు కింద. చూసేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా ఓబులన్న ఇంటికి పోయాను.

"అన్నా, కళాభవనానికి కళాకారుని పేరు అయిదో వరసలోనా?"

"మాజీ మెంబరు నొచ్చుకుంటాడు సామీ. మావోడు."

"అయితే నేను రాను."

చూశారా నా పౌరుషం! పద్నాలుగు రాళ్ల మీద ఇటుక పడనందుకు రాని పౌరుషం, పదిహేనో రాతి మీద నా పేరు కిందికి జారినందుకు వచ్చింది. బతిమాలించుకుని రెండో వరసకు ఎక్కాను. పేరుకు ముందు 'హాస్యబ్రహ్మ' కూడా పెట్టించుకున్నాను. ఆ బిరుదు ఎవరిచ్చారని చెక్కేవాడు అడిగితే "జనం" అన్నాను.

శుక్రవారం కొబ్బరికాయ కొట్టాను. ఫోటోలు దిగాను. మా మామ పులివెందుల నుంచి వచ్చి, రాతిని పైనుంచి కిందికి చదివి, ఒకే ఒక్క మాటన్నాడు.

"కత్తిని రాతి మీద నూరితే పదునెక్కుతుందంటారు. నువ్వు రాతి మీదికెక్కి మొద్దుబారినావు అల్లుడా."

ఓర్వలేనితనం అనుకున్నాను. ఈ సన్మానాల హడావుడిలో ఆ వారం 'ఎర్రకారం' రాయడం మరిచిపోయాను. గంగరాజు ఫోన్ చేస్తే "ఏదో ఒకటి ఆడేయప్పా" అన్నాను.

ఆదివారం పదింటికి మా ఆవిడతో కలిసి టీవీ ముందు కూర్చున్నాను. గంగరాజు అదే నల్లదుప్పటితో వచ్చాడు. కొత్తగా మెడలో శాలువా, ముక్కు మీద అచ్చం నా కళ్లద్దాలు.

"అన్నల్లారా, అక్కల్లారా! నేను పదిహేనో రాయిని. మీ మాదిరి మామూలు రాయిని కాను, మాట్లాడే రాయిని. మొన్నటిదాకా మిమ్మల్ని చూసి నగుతాంటి. ఒగ శాలువా కప్పినారు, గమ్మున మీ పక్కన నిలబడినా. కట్టడం లేకపోతే పాయ, నా పేరు మాత్రం రెండో వరసలో ఉండల్ల!"

గొంతు నాదే. దగ్గు నాదే. 'అయ్యో, నాకెందుకన్నా' అన్న నంగిమాట కూడా నాదే, మామే చేరవేసి ఉంటాడు. మా ఆవిడ నవ్వుతూ నవ్వుతూ నేల మీద కూర్చుండిపోయింది. నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. చెప్పులు కూడా వేసుకోకుండా కేబులాఫీసుకు పరుగెత్తాను.

"భాయ్! ఆపు! ఇది అవమానం! ఒక మనిషిని పట్టుకుని ఇట్ల పబ్లిగ్గా... నేను ఊరుకోను! నా పలుకుబడి నీకు తెలీదు! ఓబులన్నకు చెప్తా!"

మస్తాన్ భాయ్ కుర్చీలోంచి లేచాడు. మొహంలో ఏడాదిగా చూడని వెలుగు. నన్ను పట్టించుకోకుండా లోపలికి కేకేశాడు.

"గంగరాజూ! వచ్చిందప్పా, ఒగరికి కోపం వచ్చింది!"

ఆ ఒక్కడూ నేనేనని అర్థం కావడానికి నాకు ఇంకో నిమిషం పట్టింది. రాతి మీద పేరెక్కాక నేనూ నాయకుడి కిందే లెక్క. వారం ఆలస్యమైనా, చేసిన శపథం ప్రకారం చూస్తే కలం పడేయక్కర్లేదు, కోపం వచ్చింది కదా! కానీ అది తెప్పించింది గంగరాజు కాబట్టి కలం తీసి అతని చేతిలోనే పెట్టి ఇంటికొచ్చాను. ఆ తర్వాత నెలకు రెండుసార్లు భాయ్ స్తంభమెక్కుతున్నాడని విన్నాను. కళాభవనం మాత్రం కట్టలేదు. రాయి బాగానే ఉంది.

కాబట్టి పాఠకుల సాక్షిగా, మా మామ సాక్షిగా, పద్నాలుగు రాళ్ల సాక్షిగా ఇప్పుడు ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఒంట్లో ప్రాణమున్నంత వరకు ఏ నాయకుడి చేతా, ఏ బండ మీదా నా పేరు చెక్కించుకోను. పోయాక మీరెవరైనా అభిమానం ఆపుకోలేక చెక్కిస్తే నేను అడ్డుపడలేను. కాకపోతే కాస్త పై వరసలో ఉండేట్టు చూడండి.