పైకి చేరని కొబ్బరికాయ

మా గల్లీలో నన్ను ‘గుట్టెక్కిన సారు’ అంటారు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ దాటుకుని లోపలికి వచ్చి, ఇస్త్రీ బండి దగ్గర అడిగితే చాలు, నా ఇల్లు చూపిస్తారు. చూపిస్తూ నేను హిమాలయాలెక్కి శివుడి గుడిలో కొబ్బరికాయ కొట్టి వచ్చానని కూడా చెబుతారు. నేను కొట్టలేదు. గుడి దాకా ఎక్కనే లేదు. సగం దారిలో ఉన్న లాడ్జిలో ఐదు రోజులు రజాయి కప్పుకుని కూర్చుని దిగి వచ్చాను. ఒక్కొక్కరినీ ఆపి ఈ మాట చెప్పే ధైర్యం లేదు కనుక అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను కోచింగ్ సెంటర్లో అర్థమెటిక్ చెబుతాను. కాలం, దూరం, వేగం లెక్కలకు నాకు మంచి పేరుంది. రోజుకు ఏడు గంటలు మైకు పట్టుకుంటాను. నిద్రలో కూడా ‘అర్థమైందా?’ అని అడుగుతానట, మా ఆవిడ చెబుతుంది. నలభై తొమ్మిదో ఏట, ఎవరూ డౌటు అడగని చోటికి పోయి కొన్నాళ్లు నోరు మూసుకుని ఉండాలనిపించింది.

అలాంటి చోటు ఒకటుందని నాకు చెప్పింది మా ఇంటి ఓనరు. ఆయన నల్లగొండ పల్లె నుంచి వచ్చి టూరిస్టు బస్సు నడిపిన మనిషి. యాత్రికులను ఉత్తరాది కొండల కింది దాకా తీసుకుపోయేవాడు. ఒకసారి ఘాట్ రోడ్డులో బ్రేకులు పడలేదు. బస్సు ఎలాగో కొండ పక్కనున్న మట్టికి ఒరుసుకుని ఆగింది, అందరూ బతికారు. పైనున్న గుడికి నడిచి వచ్చి కాయ కొడతానని అప్పుడే మొక్కుకున్నాడు. కానీ యాత్రికులు పైకి పోతే డ్రైవరు బస్సు దగ్గరే ఉండాలి. ఎన్నిసార్లు పోయినా కిందే ఉండి, వచ్చేసారి చూద్దామనుకున్నాడు. అలా అనుకుంటూనే కాలం చేశాడు.

ఆయన భార్యను నేను పెద్దమ్మ అంటాను. కింది వాటాలో ఆమె, మూడో అంతస్తులో కిరాయికి మేము. ఆయన ఫోటో ముందు దీపం పెట్టినప్పుడల్లా, “మొక్కు మీదేసుకొని పోయిండు. గాడ ఏం జవాబు చెప్తున్నడో ఏమో” అనేది. ఆ కొండకే పోతున్నానని చెప్పిన మర్నాడు, మెట్టు మెట్టుకూ ఆగుతూ మా ఇంటికి ఎక్కి వచ్చింది. చేతిలో కొబ్బరికాయ.

“బిడ్డా, ఆయన పేరు చెప్పి గీ కాయ కొట్టు. మోకాళ్లు మంచిగుంటే నేనే పోతుంటి.”

“అంత దూరం మోసుకపోవుడెందుకు పెద్దమ్మా, గాడ గూడ దొర్కుతయేమో.”

“దొర్కనీ. ఇది మనింట్లకెళ్లే పోవాలె.”

మా ఆవిడది గుంటూరు వైపు. వంటింట్లోంచే అంది: “ముందు మన మూడంతస్తులూ ఆయాసం లేకుండా ఎక్కమనండి అత్తయ్యగారూ. తర్వాత హిమాలయాల సంగతి చూద్దురుగాని.”

ఆమె అనుమానం నిజమే అయింది. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి లాడ్జికి మూడు గంటల నడక. నాకు ఆరున్నర పట్టింది. ఈ లెక్క క్లాసులో ఇస్తే, సార్, ప్రశ్నలో తప్పుందంటారు పిల్లలు. దారిలో కలిసి నాతో నడిచిన కుర్రకారు ఆరుగురు నేను చేరేసరికి ఒక నిద్ర తీసి లేచారు.

మర్నాడు పొద్దున్నే వాళ్లు గుడికి బయలుదేరారు. నాకు మోకాలు నొప్పి అన్నాను. మోకాలు బాగానే ఉంది, రజాయి ఇంకా బాగుంది. వాళ్లలో మన వనస్థలిపురం అమ్మాయి ఒకతె ఆగింది. మొక్కు సంగతి దారిలోనే వాళ్లకు చెప్పి ఉన్నాను.

“అంకుల్, ఆ కాయ ఇవ్వండి, మేం కొట్టేస్తం. వీడియో గూడ తీస్తం, మీ పెద్దమ్మకు చూపించుకోవచ్చు.”

ఆ క్షణంలో ఇచ్చేసి ఉంటే ఈ రాత లేదు. నేను గొంతు సవరించుకుని, “మొక్కు చేత్తో తీర్చాలి తల్లీ. రేపు నేనే వెళ్తాను” అన్నాను. ఆ అమ్మాయి నా భక్తికి చేతులు జోడించింది కూడా.

రేపు మబ్బు పట్టింది. ఎల్లుండి ఎండ మరీ ఎక్కువగా ఉంది. ఆ తర్వాత రోజు మబ్బూ లేదు, ఎండా లేదు, నాకు కారణమూ లేదు, అయినా పోలేదు.

ఎందుకు పోలేదంటే అక్కడ అంత హాయిగా ఉంది. రాతి గోడలు, రేకుల కప్పు, ఎనిమిది మంచాలు. ఫోనుకు సిగ్నల్ లేదు. పొద్దున కుళాయి గడ్డకట్టి ఉండేది. లాడ్జి చూసుకునే ముసలాయన మండుతున్న పుల్లతో గొట్టాన్ని కాచి నీళ్లు రప్పించేవాడు. తర్వాత చాయ్. ముందున్న బల్ల మీదికి ఎండ రాగానే నేను చేరేవాణ్ని, ఎండ జరిగిన కొద్దీ నేనూ జరిగేవాణ్ని. మధ్యాహ్నం కంచరగాడిదల మీద బియ్యమూ గ్యాసూ వచ్చేవి. ముసలాయన భార్యకు రాజ్మా గింజల్లో రాళ్లేరి పెట్టేవాణ్ని, వెల్లుల్లి వొలిచేవాణ్ని. ఆమె నన్ను రెండే ప్రశ్నలు అడిగేది: తిన్నావా, చలేస్తోందా. రెండింటికీ జవాబు నాకు తెలుసు. మూడో రోజుకు, ‘అర్థమైందా’ అనకుండా మూడు రోజులు గడిపానని గమనించాను.

తల పైకెత్తితే గుడి కనిపించేది. కొండ నడుము మీద తెల్లటి చుక్క, దాని మీద జెండా. అందుకే తల ఎత్తడం తగ్గించాను.

నాలుగో రోజు కూడా రాజ్మా అన్నమే. నాలుక చచ్చిపోయింది. గుడి మూడు గంటల దూరంలో ఉంది. కాయ మూడడుగుల దూరంలో, నా సంచిలో ఉంది. ఎలాగూ ఎండిపోతుంది, పైకి పోయేనాడు ఇంకోటి ఎక్కడైనా కొనుక్కోవచ్చు అనుకున్నాను. ఆ కొండ మీద కొబ్బరికాయ ఎక్కడ దొరుకుతుందన్న లెక్క మాత్రం చెయ్యలేదు. గిన్నెలు కడిగే కుళాయి పక్కన బండ మీద కొట్టాను. కొట్టాక గుర్తొచ్చి, భయపడి, ఓనరు పేరు చెప్పాను. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి వేసి వాళ్ల రోటి బండ మీద చట్నీ నూరాను. ముసలాయన రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడు.

“అందరూ పైన కొడతారు, మాకేం మిగలదు. మీరు కిందే కొట్టారు, మా అదృష్టం” అని హిందీలో నవ్వాడు. నేనూ నవ్వాను. దాచకుండా చెప్పాలంటే, ఆ పూట చాలా ఇష్టంగా తిన్నాను. ఇప్పుడు సిగ్గనిపించేది దానికే.

తిరిగి వచ్చేటప్పుడు ఎల్బీనగర్‌లో ఎయిర్‌పోర్టు బస్సు దిగి, కిరాణా కొట్లో కలకండ కొన్నాను. అదే ప్రసాదం. పెద్దమ్మ గేటు దగ్గరే చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. వద్దంటున్నా వినకుండా నా కాళ్ల మీద పోసింది.

“కొట్టినవా బిడ్డా?”

“కొట్టిన పెద్దమ్మా.” అంత వరకు నిజమే.

“చిప్ప ఏది మరి?”

“పూజారి ఉంచుకున్నడు. గాడ పద్ధతి గంతే.”

కలకండ కోసం సంచి విప్పితే అందులో ఒక రాయి కనబడింది. కుళాయి దగ్గర నున్నగా, గుడ్డులా ఉంటే, క్లాసులో ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా పెట్టుకుందామని తెచ్చుకున్నది.

“ఇది గుడి కాడి రాయేనా?”

తల ఊపాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుని తీసుకుపోయి, పసుపు కుంకుమ పెట్టి దేవుడి అరలో ఉంచింది. “ఇగ నాకు నిద్ర పడ్తది” అంది.

ఆ తర్వాత గల్లీ అంతా నా దగ్గరికి వచ్చింది. ఆ కుర్రకారు పంపిన ఫోటోలు చూసి గుడి గంట ఎంత లావుంటుందో వర్ణించాను. క్లాసులో పిల్లలకు పట్టుదల గురించి ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. చప్పట్లు కొట్టారు.

ఏడాది గడిచింది. ఓనరు సంవత్సరీకం నాడు పెద్దమ్మ చుట్టాలందరి ముందు నన్ను పిలిచి పీట మీద కూర్చోబెట్టింది. “ఆయన మొక్కు తీర్చింది గీ సారే” అని కొత్త పంచె, కండువా పెట్టింది. వాటిని పట్టుకుని మూడంతస్తులు ఎక్కాను. లాడ్జికి ఎక్కినప్పుడు కూడా అంత ఆయాసం రాలేదు. మా ఆవిడకు అంతా చెప్పేశాను.

ఆమె పంచె వైపు చూసింది. “అది కట్టుకోగలరా?”

“లేదు.”

“అయితే కిందికెళ్లి మీరే చెప్పండి. నేను రాను.”

మర్నాడు పొద్దున పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని తోటకూర బాగుచేస్తోంది. పంచె పక్కన పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆకు తుంచుతున్న చెయ్యి ఆగింది.

“కాయ ఏం చేసినవ్ మరి?”

“చట్నీ చేసిన పెద్దమ్మా.”

“మంచిగైందా?”

ఇంకో అబద్ధం నోటి దాకా వచ్చింది. “మంచిగైంది.”

“మా ఆయన బస్సు కాడ కూసున్నడు, నువ్వు లాడ్జిల పన్నవ్. మొక్కినోడు ఒకడు, ఎగబెట్టినోళ్లు ఇద్దరు. ఆయనకు నౌకరి అన్న అడ్డముండె. నీకేం అడ్డముండె?”

“రజాయి, పెద్దమ్మా.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “ఏడాది సంది మంచిగ నిద్రవోయిన” అంది, అంతే. కొంగుతో కళ్లు తుడుచుకుంది. లేచి, దేవుడి అరలోంచి రాయి తీసి, అదే కొంగుతో దాని కుంకుమ కూడా తుడిచింది.

“గిన్నెలు కడిగే కాడిది అంటివి గదా. అల్లం దంచుకుంట.”

పంచె ఆమె వైపు జరిపాను. వెనక్కి నెట్టింది. “ఉంచుకో. పైకెక్కిననాడు కట్టుకో.”

ఇదివరకు పెద్దమ్మ ఆరింటికి లేచేది. ఇప్పుడు ఐదు కాకముందే కింద అల్లం దంచుతున్న చప్పుడు వినిపిస్తోంది. రాయి గట్టిదే. నాకూ మెలకువ వస్తుంది.

మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ మానేసి మెట్లెక్కుతున్నాను. ఈ బ్యాచ్ పరీక్షలు అయిపోగానే మళ్లీ ఆ కొండకు పోవడానికి సెలవు పెట్టాను, ఈసారి మా ఆవిడ కూడా వస్తానంది, కొత్త కాయ తన సంచిలోనే ఉంటుందట. ఆ కాయ ప్రస్తుతం కింద, దేవుడి అరలో, ఇదివరకు రాయి ఉన్న చోట ఉంది. రోజూ నేను క్లాసుకు దిగుతుంటే పెద్దమ్మ దాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది.

“ఇంకా నీళ్లున్నయి బిడ్డా” అంటుంది నా వైపు చూడకుండా. “పో, క్లాసుకు లేటైతది.”